ఎరుపు కుడికి

సినిమావాళ్ళు వాడి వాడి వదిలేసిన కారవాన్ అది. మేకప్ అద్దం చుట్టూ బల్బులు పోయి హోల్డర్లు మాత్రం మిగిలాయి. ఆ అద్దం దగ్గర్నుంచి వెనక మంచం దాకా కాశింబీ మోకాళ్ళ మీద పాకుతూ తీగలు పరుస్తోంది. ఎనిమిది కిటికీలు. కిటికీకొక తెర, తెర చుట్టుకునే గొట్టంలో ఒక మోటారు, మోటారుకు రెండు తీగలు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎరుపు ఒకవైపు పెడితే తెర లేస్తుంది. రెండోవైపు పెడితే దిగుతుంది. అంతకుమించి ఆ మోటారుకు తెలివి లేదు.

బండి మెట్టు దగ్గర కుర్చీలో కూర్చున్న ఆమె భర్త నాగుల్ మీరా లోపలికి చూడకుండానే అన్నాడు.

"మూడో కిటికీ దగ్గర తీగ బిగబట్టి లాగావు. బండి కదిలితే తెగిద్ది. కాస్త వదులుంచు."

"చూడకుండా ఎట్టా చెప్పావు?"

"గొణిగావుగా. బిగబట్టి లాగితేనే నువ్వు గొణుగుతావు."

ఆ రెండు మాటలకే అతనికి ఆయాసం వచ్చింది. ముక్కుకు పెట్టిన గొట్టం సర్దుకుని కళ్ళు మూసుకున్నాడు. కాశింబీ తీగను బెత్తెడు వదులు చేసింది.

పెళ్ళయిన రెండో ఏడు నుంచీ ఇద్దరూ కలిసే వైరింగు చేశారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో వాళ్ళను ఎరగనివాళ్ళు తక్కువ. మీరా కేబిన్ లోపల కూర్చునేవాడు. కాశింబీ బయట, రేకుకు అవతల నిలబడేది. ఒకరికొకరు కనపడరు. మధ్యలో రేకు, రేకుకు చిల్లు, చిల్లులోంచి తీగలు. "ఎరుపు కుడికి" అని లోపలనుంచి వినపడేది. అది అతని కుడి. ఎదురుగా నిలబడ్డవాళ్ళకు అది ఎడమ. మొదట్లో ఆమె తారుమారు చేసి తిట్లు తినేది. బ్రేకు తొక్కితే హారను మోగేది. తర్వాత్తర్వాత చెవిన పడ్డ కుడిని చెయ్యే ఎడమగా మార్చుకునేది. ఆ సంగతి బుర్ర దాకా కూడా పోయేది కాదు. అలా పదిహేడేళ్ళు గడిచాయి. పిల్లలు లేరు. ఆ రేకుకు అటొకరూ ఇటొకరూ, అదే వాళ్ళ సంసారం.

పద్దెనిమిదో ఏడు అతని ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలుపెట్టాయి. ఫైబరు షీట్లు కోసిన దుమ్ము అన్నారు. ఆరు నెలలన్నారు. ఆ జబ్బుకు మందు కనిపెడుతున్నారట, కానీ అది మనుషుల దాకా రావడానికి పదేళ్ళు పట్టవచ్చునట. చెప్పిన డాక్టరు ఆ రెండు ముక్కలూ ఒకే గొంతుతో చెప్పాడు.

పదేళ్ళను ఆరు నెలల్లో ఇరికించే దారి తనకు తెలుసని వచ్చిన మనిషి సుభాషిణి. ఆమె వైద్యం చేసే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. అంతకుముందు ఆమె ప్రయోగశాల బండ్లకు మీరా దంపతులే వైరింగు చేశారు. ఒక సోమవారం ఆమె షెడ్డుకు చిన్న చెక్కపెట్టె తెచ్చింది. పెట్టెకు ఒక కిటికీ, కిటికీకి బూడిదరంగు తెర. ఎదురు కొట్టునుంచి టీ తెప్పించి, గ్లాసు లోపల పెట్టి, తెర దించి, "వచ్చే సోమవారం దాకా ముట్టుకోకండి" అని వెళ్ళిపోయింది.

వారం గడిచాక ఆమె వచ్చి మీట నొక్కింది. తెర లేచింది. గ్లాసులోంచి పొగలు వస్తున్నాయి.

కాశింబీ గ్లాసు అందుకుంది. చెయ్యి కాలింది. ఒక గుక్క తాగి మీరాకు ఇచ్చింది. అతను తాగి, "పోయిన సోమవారం కూడా వీడు చక్కెర తక్కువే వేశాడు" అన్నాడు.

"తెరలన్నీ మూసుకున్నాక లోపలి కాలం చిక్కబడుతుంది" అంది సుభాషిణి. "బయట మూడు నెలలైతే లోపల ఒక్క నిమిషం. పదేళ్ళంటే నలభై నిమిషాలు. మందు వచ్చాక తెరలు లేపుదాం. బండిని అట్లాగే ఆసుపత్రికి తోలుకుపోవచ్చు."

"మరి ఈ గుడ్డ ఇట్లా అయిందేంటి మేడం?" అన్నాడు మీరా. పెట్టె తెర అంచుల వెంబడి నల్లగా కమిలి, పొడిపొడిగా రాలుతోంది.

"ఒక్కసారికే పనికొస్తుంది. ఒక్క అంగుళం లేచినా అన్ని తెరలూ కాలిపోతాయి. మళ్ళీ ఇంత గుడ్డ నేయాలంటే నాకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అందుకే స్విచ్చి ఒక్కటే ఉంటుంది, బయట. లోపల ఉండదు. దీపం కూడా ఉండకూడదు."

మీరా ముఖం మారడం కాశింబీ చూసింది.

ఇరవై ఏళ్ళ వయసులో అతను నీళ్ళ ట్యాంకరులో దిగి బల్బు బిగిస్తుంటే ఎవరో చూసుకోక మూత వేసేశారు. రెండు గంటలు ఆ చీకట్లో ఇనుమును గుద్దుతూ ఉండిపోయాడు. ఆనాటినుంచీ అతనికి ఒక నియమం. మనిషి ఉన్నచోట మీట చేతికి అందాలి. ఏ బండి చేసినా, యజమాని అడగకపోయినా, పడుకునే బల్ల పక్కన ఒక స్విచ్చి పెట్టేవాడు. అదీ కిందికి నొక్కితే వెలుగు వచ్చేటట్టే పెట్టేవాడు. చీకట్లో తడుముకునే చెయ్యి కిందికే నొక్కుతుందని అతని లెక్క.

"నేను ఎక్కను" అన్నాడు ఇంటికి వెళ్ళాక. "ఆరు నెలలు నీ పక్కన ఉంటా. అది చాలు."

"నాకు చాలదు."

"స్విచ్చి లేని చీకట్లో నలభై నిమిషాలా? నావల్ల కాదే."

"స్విచ్చి నేను పెడతాగా" అంది కాశింబీ. "ఆయమ్మకు తెలియనియ్యను. మంచం పలక వెనకాల, నీ కుడిచేతి కింద. ఊపిరాడకపోతే నొక్కు. అందాకా నొక్కమాక."

అతను కుడిచెయ్యి మంచం పక్కకు జార్చి, ఇంకా లేని మీట కోసం తడిమి చూశాడు. తర్వాత, "కిందికి నొక్కితే వెలుగు వచ్చేటట్టు పెట్టు" అన్నాడు.

బండికి ఉన్న ప్రతి సందునూ ఆ బూడిదరంగు గుడ్డతోనే మూశారు. వెనక డిక్కీ తలుపు కూడా మూసేశారు. బ్యాటరీ లోపలే పెట్టారు. షెడ్డు గోడకు ఇనుప పెట్టె బిగించి, దానిలో బయటి స్విచ్చి పెట్టి తాళం వేశారు. ప్రయోగశాల మనుషులు భోజనాలకు వెళ్ళిన ఒక మధ్యాహ్నం కాశింబీ మిగిలిపోయిన మోటారునూ స్విచ్చినీ బల్ల మీద పెట్టుకుని, చెయ్యి తిరగడానికని ముందు వాటికి తీగలు కలిపింది. వాటిని గోడకు తగిలించింది. తర్వాత బండెక్కి, మంచం పలక ఎత్తి, లోపలే కూర్చుని అదే పని మళ్ళీ చేసింది. మీరా ఆసుపత్రిలో ఉన్నాడు. పిలిచి చెప్పేవాళ్ళు లేరు. అలవాటు కొద్దీ అతని మాట తనే అనుకుంది, "ఎరుపు కుడికి." చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పలక మూసి, స్క్రూలు బిగించి, దిగివచ్చింది. నొక్కి చూడటానికి లేదు. మోటారు కదిలితే వినేవాళ్ళు వింటారు. ఆ గుడ్డను కదపనూ కూడదు.

తెరలు దించిన రోజు పొద్దున అతను తెల్లచొక్కా వేసుకున్నాడు. పక్కన రెండు సిలిండర్లు. కాశింబీ దుప్పటి సర్దుతున్నట్టు వంగి, అతని వేలు పట్టుకుని మీట మీద ఆనించింది.

"దొరికిందా?"

"దొరికింది. కాశిం, నలభై నిమిషాలేగా. అన్నం వండే లోపల వచ్చేస్తా."

"నీకు నలభై నిమిషాలు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి దగ్గాడు. ఆమె దిగిపోయింది. ఇనుప పెట్టె తీసి స్విచ్చి నొక్కింది. ఎనిమిది తెరలూ ఒక్కసారిగా దిగాయి. ఆమె చేసిన పనిలో ఎక్కడా తేడా లేదని ప్రయోగశాలవాళ్ళు మెచ్చుకున్నారు.

సుభాషిణి మూడు నెలలకొకసారి వచ్చేది. బండి చుట్టూ తిరిగి, రేకుకు పరికరం ఆనించి చూసి, "ఒక నిమిషం" అనేది. మరోసారి వచ్చి, "రెండు" అనేది. ఆమెకూ ఇంటి దగ్గర ఎవరూ లేరని కాశింబీకి రెండో నిమిషంలో తెలిసింది. ఇద్దరూ టీ తాగేవారు, మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

షెడ్డులో ఒకవైపు కారవాన్, రెండోవైపు కాశింబీ పని. టిప్పర్ల లైట్లు, స్కూలు బస్సుల వైపర్లు. ఒక్కతే చేసేది. మీరా అప్పుడు ఎంత వడిగా ఊపిరి తీసేవాడో ఆమెకు గుర్తు. సుభాషిణి చేత లెక్క కట్టించుకుంది. రెండు రోజులు పీలుస్తాడు, రెండు రోజులు వదులుతాడు. సోమ, మంగళ పీల్చడం. బుధ, గురు వదలడం. శుక్రవారం మళ్ళీ మొదలు. గోడ మీద కాలెండరు ఉన్నా ఆమె రోజుల్ని ఊపిరితోనే గుర్తుపెట్టుకునేది. "వైపరు మోటారు ఎప్పుడిచ్చావమ్మా?" అని ఎవరైనా అడిగితే, మొన్న వదిలిన ఊపిరిలో అనబోయి ఆగేది. పని అయ్యాక బండి పక్కన కూర్చుని రేకుకు వీపు ఆనించేది. రేకు ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. లోపలనుంచి ఏ చప్పుడూ రాదు. అతని దగ్గు ఒకటి బయటికి రావాలంటే రెండు రోజులు సాగాలి. అంత సాగిన దగ్గును వినే చెవి మనిషికి లేదు.

మొదట్లో అతను ఆ మీట నొక్కకుండా ఉంటే చాలనుకుంది. ఏడాది గడిచాక, ఎప్పుడైనా నొక్కితే బాగుండునని మనసు మూలల్లో అనిపించేది. అలా అనిపించిన రోజు అన్నం సయించేది కాదు.

మూడో ఏడు నడుస్తుండగా పక్క షెడ్డులో బోర్డులు రాసే ఏసోబు ఒక పనికి సాయం వచ్చాడు. మాటకారి. బస్సు డ్యాష్‌బోర్డు ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అతను కాగితం చూసి చదువుతున్నాడు.

"ఎరుపు కుడికి పెట్టు కాశింబమ్మా."

ఆమె పెట్టింది.

"కుడికమ్మా."

"కుడికే పెట్టానుగా."

"అది ఎడమ. పొద్దున్నే కుడిచేత్తోనే తిన్నావా, లేదా?" అని నవ్వాడు ఏసోబు. "నేను నీ పక్కన కూర్చున్నా తల్లీ. ఎదురుగా లేను. ఎవరికోసం తిప్పుతున్నావు?"

కాశింబీ స్క్రూడ్రైవరు కింద పెట్టింది. కాసేపు తీగలకేసే చూసింది. తర్వాత లేచి తన షెడ్డుకు నడిచింది. గోడకు తగిలించిన ఆ మోటారు, ఆ స్విచ్చి మూడేళ్ళుగా దుమ్ము పట్టి ఉన్నాయి. వాటికి ఆమె ఏనాడూ బ్యాటరీ తగిలించలేదు. ఇప్పుడు తగిలించింది. గొట్టానికి ఒక పాత తువ్వాలు చుట్టి, మీట కిందికి నొక్కింది.

తువ్వాలు దిగింది.

మళ్ళీ నొక్కింది. ఇంకా దిగింది. పైకి నొక్కితే లేచింది.

ఆ మధ్యాహ్నం ఎదురుగా ఎవరూ లేరు. రేకుకు ఇవతలే, లోపలే కూర్చుని, తన నోటితో తనే అనుకుని, ఎప్పటిలాగే తిప్పేసింది. అదే చేత్తో మంచం కింద కూడా. చీకట్లో ఊపిరాడక అతను కిందికి నొక్కితే మోటారు మూలుగుతుంది, ఇంకా కిందికే లాగుతుంది. దిగిన తెర ఇంకెక్కడికి దిగుతుంది. ఏదీ కదలదు. ట్యాంకరు మూత మళ్ళీ పడ్డట్టే. పెళ్ళాం తనను మాటలతో మభ్యపెట్టి, ఉత్త స్విచ్చి ఒకటి చేతికిచ్చి పంపిందనుకుంటాడు.

ఏసోబు గుమ్మంలో నిలబడి, "ఏమైందమ్మా, నేనేమన్నా అనకూడని మాట అన్నానా?" అన్నాడు.

"లేదన్నా. నువ్వే సరిగ్గా చెప్పావు."

తీగలు మార్చాలంటే బండి తెరవాలి. బ్యాటరీ బయట ఉంటే దాని కొసలు మార్చి మీట తీరు మార్చేది. అది లోపలే ఉంది. ఏ సందు తెరిచినా గుడ్డ కాలిపోతుంది.

మర్నాడు సుభాషిణికి ఫోను చేసి రమ్మని, అంతా చెప్పింది. సుభాషిణి టీ గ్లాసు పట్టుకుని విన్నది.

"నాకు చెప్పకుండా పెట్టారు" అంది చివరికి.

"చెబితే వద్దంటారుగా."

"అంటాను." ఆమె బండికేసి చూసింది. "మందు ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. ఇప్పుడు తెరలు లేపితే ఆయనకు ఉన్నది ఆ ఆరు నెలలే. గుడ్డ మళ్ళీ నేసేసరికి ఆయన ఉండరు."

"లోపల ఇప్పుడెంత?"

"పన్నెండో నిమిషం."

"పన్నెండు నిమిషాలు గుద్దుతా ఉంటే మనిషి ఏమవుతాడు మేడం?"

సుభాషిణి బండి రేకును వేలితో తడిమింది. "నొక్కారో లేదో మనకు తెలీదు. స్విచ్చి పనిచెయ్యకపోతే రెండోవైపు నొక్కి చూడొచ్చు. ఆయన పనివాడు."

"రెండోవైపు నొక్కితే తెరలు లేచేయిగా. లేవలా. అంటే నొక్కలేదన్నా కావాలి, కిందికి నొక్కి ఊరుకున్నాడన్నా కావాలి."

"తాళంచెవి మీ దగ్గరే ఉంది. మీరు తెరిస్తే నేను ఒక్క మాట అనను."

"అనకపోతే సరిపోదమ్మా. తెరవమనైనా అనండి, వద్దనైనా అనండి."

సుభాషిణి గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, ఏదీ అనకుండానే వెళ్ళిపోయింది.

ఆనాటినుంచీ ప్రతిరోజూ పని అయ్యాక కాశింబీ ఇనుప పెట్టె ముందు నిలబడేది. కొన్నిసార్లు తాళం తీసి, మీట మీద వేలు పెట్టేది. తెరిస్తే అతని భయం పోతుంది, అతనూ పోతాడు. తెరవకపోతే అతను మిగులుతాడు, ఏ మనసుతో మిగులుతాడో తెలియదు. మళ్ళీ తాళం వేసేది. రోజూ అదే నిర్ణయం, రోజూ కొత్తగా తీసుకోవాల్సి వచ్చేది. నిన్నటిది ఇవాళ్టికి ఆనేది కాదు.

పదహారో నిమిషం వచ్చింది. ఇరవై. గుద్ది గుద్ది చేతులు పడిపోయి ఉంటాయి. ఇరవై నాలుగు. నన్ను తిట్టడం కూడా మానేసి ఉంటాడు.

తనకు ఆ తప్పు నేర్పిన అలవాటును ఆమె వదిలించుకోదలచుకుంది. ప్రతి తీగ దగ్గరా పైకే చెప్పుకునేది, "నా కుడి నా కుడే." కుడి మణికట్టుకు ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టుకుంది. వంద బండ్లకు వంద తీగలు, నా కుడి నా కుడే. మొదట్లో చెయ్యి మొరాయించేది, ఎదురుగా ఎవరో ఉన్నట్టు జరిగేది. ఏడో ఏటికి లొంగింది. టేపు తీసేసింది. ఏసోబు కళ్ళు మందగించి కొట్టు మూసి, ఏలూరులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, "ఇప్పుడు నీకు ఎవడూ చెప్పక్కర్లా. ఒంటిచేత్తో బండి లేపుతావు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

నలభయ్యో నిమిషం దాటిన రెండు నెలలకు సుభాషిణి మందున్న ఐసుపెట్టె పట్టుకుని వచ్చింది. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. ఆ మందు పుచ్చుకున్నవాళ్ళు నడుస్తున్నారు, మెట్లెక్కుతున్నారు.

"మీరే నొక్కండి" అంది.

కాశింబీ తాళం తీసింది. ఏడేళ్ళుగా ఆనించి తీసేసిన వేలు ఈసారి ఆనించి నొక్కింది.

తెరలు లేచాయి. లేస్తూనే అంచులు ఎర్రగా రాజుకుని నల్లబడ్డాయి. కాలిన ఉన్ని వాసన వేసింది. తలుపు తీసి ఆమె మెట్టెక్కింది.

మీరా మంచం మీద వెలుగుకు కళ్ళు చికిలించి కూర్చున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. కుడిచెయ్యి మీట పక్కన ఉంది.

"అప్పుడే తీశారేం?" అన్నాడు. తర్వాత ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. వెళ్ళేటప్పుడు అతను ఆమెకంటే ఐదేళ్ళు పెద్ద. ఇప్పుడు ఆమె అతనికంటే ఐదేళ్ళు పెద్ద.

"చిక్కిపోయావే" అన్నాడు మెల్లగా.

ఆమె మంచం అంచున కూర్చుంది. పదేళ్ళుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒకటే బయటికి వచ్చింది.

"నొక్కావా?"

"నొక్కా. నువ్వు దిగిపోయాక రెండో నిమిషమో మూడోదో. గుండె దడదడలాడింది. కిందికి నొక్కితే మోటారు మూలిగింది గానీ తెర లేవలా." అతను ఊపిరి తీసుకున్నాడు. "పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో అర్థమైంది. ఎదురుగా నేనున్నాననుకుని తిప్పేసుంటది, పిచ్చిది, అనుకున్నా. నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది."

"మరి పైకి నొక్కలేదే?"

"ఎందుకూ? నొక్కితే లేస్తదని తెలిసిందిగా. తెలిశాక ఇంక భయమేంది. చెయ్యి దాని పక్కన పెట్టుకుని కూర్చున్నా."

కాశింబీ లెక్క వేసుకుంది. రెండో నిమిషమో మూడో నిమిషమో. అంటే మొదటి ఏడు. తను తప్పు తెలుసుకోవడానికి రెండేళ్ళ ముందే అతను నవ్వేశాడు. ఆ తర్వాత తను ఏడేళ్ళు ఇనుప పెట్టె ముందు నిలబడింది, తిట్టని మనిషి చేత తిట్లు తింటూ. ఆ మాట అతనికి చెప్పాలని నోరు తెరిచింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అతనికి అది అరగంట కిందటి సంగతి.

"ఎందుకేడుస్తున్నావు? బతికే ఉన్నాగా" అన్నాడతను.

సుభాషిణి మొదటి సూది వేసి, డ్రైవరును పిలవడానికి బయటికి వెళ్ళింది. ఆసుపత్రికి బయల్దేరేసరికి అరగంట పడుతుందంది.

"ఈలోగా ఆ రెండు తీగలూ మార్చేద్దాం పట్టు" అన్నాడు మీరా. "తప్పుపని వదిలేసి పోతే నాకు నిద్ర పట్టదు. ఇప్పుడు డిక్కీ తలుపు తీయొచ్చుగా. నువ్వు అవతలికి పో. నేను ఇటునుంచి పలక తీసి చెబుతా."

"ఇప్పుడు దాంతో ఏం పని?"

"పని కాదే. చేసి చాలా..." అతను ఆగాడు. అతనికి చాలా రోజులు కాలేదు. "నీ చేతిపని చూడాలనుంది" అన్నాడు.

ఆమె చీరకొంగుతో ముఖం తుడుచుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని బండి వెనక్కి వెళ్ళింది. డిక్కీ తలుపుకున్న గుడ్డ ముట్టుకోగానే పొడిగా రాలింది. పలకలో చిల్లు, చిల్లులో కనెక్టరు, దానికి రెండు తీగలు. పైన కిటికీ అద్దంలోంచి అతని తల కనపడుతోంది. అతను వంగి పలక విప్పుతున్నాడు. మధ్యలో రేకు.

రెండు తీగలూ విప్పి చేతిలో పట్టుకుంది.

"విప్పావా?" లోపలనుంచి అతని గొంతు. పదేళ్ళనాటి గొంతు, అదే తొందర. "ఎరుపు కుడికి."

ఆమె ఎరుపు పెట్టింది, నలుపు పెట్టింది, స్క్రూలు బిగించింది.

"అయింది."

"చూడు మరి, కిందికి నొక్కితే వెలుగు" అంటూ అతను నొక్కాడు.

మోటారు మూలిగింది. కాలి చిల్లులు పడ్డ తెర అతని ముఖం మీదుగా దిగడం మొదలుపెట్టింది. నుదురు పోయింది, కళ్ళు పోయాయి. అడుగుదాకా దిగి ఆగింది. చిల్లుల్లోంచి తెల్లచొక్కా ముక్కలు ముక్కలుగా కనపడుతోంది.

లోపల మీట టక్కుమంది.

"కాశిం" అన్నాడు మీరా, మెల్లగా. "నేను ఎదురుగా ఉన్నానే."

ఆమె తన రెండు చేతులకేసీ చూసుకుంది. ఎరుపు తన కుడికే పెట్టింది. తర్వాత ఎడమ అరచెయ్యి రేకుకు ఆనించింది, అవతల అతని కుడిచెయ్యి ఉండవలసిన చోట. పదేళ్ళుగా చల్లగా ఉన్న రేకు ఎండకు వెచ్చబడుతోంది.

"తెలుసయ్యా" అంది. "ఇంకోసారి చెప్పు."